చేతులు ఖాళీ లేవు

ఆ సినిమాలో హంతకురాలి మొహం ఎక్కడా సరిగ్గా కనపడదు. గొంతు మాత్రమే వినపడుతుంది. ఎవరో తలుపు కొడతారు. లోపల ఒంటరిగా ఉన్న ముసలావిడ "ఎవరూ?" అంటుంది. బయటినుంచి "నేనే" అని జవాబొస్తుంది. గడియ తీసిన చప్పుడు, ఆ వెంటనే తెరంతా చీకటి.

ఆ "నేనే" అన్న గొంతు డబ్బింగక్కది.

వీధి మొత్తానికి ఆమె డబ్బింగక్కే. వయసులో ఉన్నప్పుడు చంటిపిల్లల ఏడుపులు ఏడ్చింది. తర్వాత తోడికోడళ్లకీ, గయ్యాళి అత్తలకీ గొంతు అరువిచ్చింది. మంటల్లో చిక్కుకున్న జనం కేకల్లో సగం ఆమెవే. ఇంత చేసినా రోడ్డు మీద ఒక్కరూ ఆమెను గుర్తుపట్టింది లేదు. ఈ ఒక్క మాటతో ఆ కొరత తీరింది.

తీరడం కూడా వింతగా తీరింది. మొదటి రోజు ఆటకి ఆమె దర్శకుడి వెనక వరసలో కూర్చుంది. ఆ ఘట్టం వచ్చింది. "ఎవరూ?" అంది తెరమీది ముసలావిడ. "నేనే" అంది డబ్బింగక్క గొంతు. హాలంతా గొల్లుమంది.

"ఒరేయ్, మా మేనత్తరా!" అని ఎవడో అరిచాడు.

"పాలు తెచ్చిందేమో చూడమ్మా!" అని ఇంకొకడు.

ఇక అక్కడినుంచి తెరమీద తలుపు చప్పుడైతే చాలు, హాలంతా ముక్తకంఠంతో "నేనేఏఏ" అని సాగదీయడమే. దర్శకుడు కుర్చీలో కిందికి జారిపోయాడు. ప్రాణాలు పెట్టి భయపెట్టే సినిమా తీస్తే జనం దాన్ని హాస్యచిత్రం చేసి పారేశారు.

ఇంటికొచ్చి చెబితే తల్లి కూడా నవ్వింది. "మనుషుల్ని చంపేదానివి, కాస్త కటువుగా మాట్లాడొద్దటే? కూరగాయలు తెచ్చినదానిలా అంటే ఎవరు జడుసుకుంటారు?"

తల్లి అన్నది అబద్ధం కాదు. ఆ మాట కూరగాయల సంచుల్లోంచే పుట్టింది. డబ్బింగ్ రోజున దర్శకుడు, "భయపెట్టొద్దక్కా, సొంతింటికి వచ్చినట్టు అను," అన్నాడు. సొంతింటికి ఆమె ఎలా వస్తుందో అలాగే అంది. రోజూ సాయంత్రం రెండు చేతుల్లో సంచులతో మెట్లెక్కి, తలుపు కాలితో తన్ని, ఒక నిట్టూర్పు విడిచి అనే మాట అది. "నేనే... చేతులు ఖాళీ లేవు."

అద్దం అవతలినుంచి సౌండ్ ఇంజినీరు పగలబడి నవ్వాడు. "అక్కా, సంచులు కింద పెట్టు. షాట్‌లో అంత చోటు లేదు."

"ఎన్జీ," అన్నాడు దర్శకుడు. ఎన్జీ అంటే పనికిరాని టేక్. అక్కడితో దానికి నూకలు చెల్లినట్టే. తర్వాతి టేక్‌లో ఉత్త "నేనే" అంది, అదే సినిమాలోకి వెళ్లింది. ఎన్జీ అయిన టేక్ గురించి ఈ పనిలో ఉన్నవాళ్లెవరూ మళ్లీ ఆలోచించరు. ఉమ్మిన ఉమ్ము ఎటుపోయిందని ఎవరు చూస్తారు?

నవ్వులాటగానే సినిమా రెండు వారాలు నడిచింది. కుర్రాళ్లు ఒకరి తలుపులు ఒకరు కొట్టి "నేనే" అని పారిపోయేవాళ్లు. ఎదురింటి లారీ డ్రైవరు మెట్లమీద కనపడితే చాలు, "అక్కా, ఒక్కసారి అను, మా ఆవిడ దడుచుకోవాలి," అని బతిమాలేవాడు. ఆమె అనేది. ఆవిడ దడుచుకునేది కాదు. ముగ్గురూ నవ్వుకునేవాళ్లు.

తర్వాత నిజంగానే ఒక ముసలావిడ చచ్చిపోయింది.

పట్టపగలు, తన ఇంట్లో, ఒంటిమీద బంగారం లేకుండా దొరికింది. గడియ విరగలేదు. లోపలినుంచి తనే తీసింది. పక్కవాటాలో వాళ్లు ఆడగొంతు ఒకటి "నేనే" అనడం విన్నారు. కూతురనుకుని ఊరుకున్నారు. వారం తిరక్కుండా ఇంకో పేటలో ఇంకో ముసలావిడ. అదే తీరు. ఆ సాయంత్రానికి టీవీల్లో అదే గోల, సినిమాలోని ఆ ఘట్టాన్ని పదేపదే వేసి చూపించారు.

నిర్మాత ఫోన్ చేశాడు. ఆయన గొంతులో సంతోషం దాచుకున్నా దాగడం లేదు. "అమ్మాయ్, హాళ్లు నిండిపోతున్నాయి! ఆటకి ముందు నువ్వొచ్చి తెరవెనకనుంచి ఆ ఒక్క మాట అంటే..."

"అననండీ," అని పెట్టేసింది.

కానీ చూడకుండా ఉండలేకపోయింది. కొంగు తలమీదుగా కప్పుకుని మధ్యాహ్నం ఆటకి వెళ్లి చివరి వరసలో కూర్చుంది. అదే తెర, అదే తలుపు. "ఎవరూ?" అనగానే హాలు బిగుసుకుపోయింది. ముందు వరసలో ఒకావిడ, నేలమీద ఏదో పాకుతున్నట్టు, కాళ్లు రెండూ కుర్చీమీదికి లాక్కుంది. "నేనే" అని తన గొంతు మెత్తగా, ఇంటిమనిషి గొంతులా హాలంతా పరుచుకుంది. మొన్నమొన్నటిదాకా అదే మాటకి ఈలలేసిన జనం. "తియ్యకు," అన్నాడొక మగమనిషి చీకట్లో. "తియ్యకమ్మా, నీకు దణ్ణం పెడతా." గడియ చప్పుడుకి ఒక కేక లేచింది. అది సినిమాలోది కాదు.

ఆమెకి నోరెండిపోయింది. విశ్రాంతిలో టీ కొట్టు దగ్గరికెళ్లి, "ఒక టీ ఇవ్వు బాబూ, చక్కెర తక్కువెయ్యి," అంది. టీ పోస్తున్నవాడి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పక్కనున్న ఇద్దరు వెనక్కి తిరిగారు. ఒక అడుగు దూరం జరిగారు. ఆమె టీ తాగకుండానే బయటపడింది. ఆనాటినుంచి బయట నోరు విప్పాలంటే భయం పట్టుకుంది.

ఇంట్లో ఇంకో భయం. ఆమెకి పెళ్లీ అయింది, విడిపోవడమూ అయింది, ఇప్పుడు మిగిలింది తల్లీ కూతుళ్లిద్దరే. తను పనికెళితే పగలంతా తల్లి ఒక్కతే. ఆవిడ చేతులకి రెండు బంగారు గాజులు. స్నానానికి కూడా తియ్యదు. అందుకే మనిషిని పిలిపించి తలుపు లోపలివైపు ఇనప గొలుసు బిగించింది.

"అమ్మా, ఇకనుంచి ఎవరు నేనే అన్నా తియ్యకు. నేనన్నా సరే. ఏదన్నా అడుగు, సరైన జవాబొస్తేనే తియ్యి."

"ఏం అడగను? ఎక్కాలు అప్పజెప్పమననా?"

"నవ్వులాట కాదమ్మా."

"కని పెంచినదాన్ని, నా కూతురి గొంతు నాకు తెలీదటే? ఒకసారి పిలిచి తియ్యకపోతే రెండోసారికే నా మీద విరుచుకుపడతావ్. చెవుడా, కాళ్లు పడిపోయాయా అని వీధంతా వినపడేలా దులిపేస్తావ్. ఆ నోరు ఇంకెవరికుంది?" అంది తల్లి. "ఈ గొలుసొకటి, జైల్లో పెట్టినట్టు."

మర్నాడు పోలీసులు పిలిపించారు. స్టేషన్లో ఎస్సై చిన్నవయసు అమ్మాయి, మర్యాదగానే మాట్లాడింది. రెండు హత్యల రోజుల్లోనూ డబ్బింగక్క వేరే స్టూడియోలో పదిమంది మధ్య పనిచేస్తూ ఉందని వాళ్లు ముందే కనుక్కున్నారు. అనుమానం ఆమెమీద కాదు. రెండో ముసలావిడ గోడ అవతల ఉండే నర్సుకి ఆ గొంతు వినిపించాలట, అందుకే రమ్మన్నారు. నర్సు గోడవైపు తిరిగి కూర్చుంది.

"అనండి," అంది ఎస్సై.

"నేనే."

నర్సు భుజాలు ముడుచుకుపోయాయి. "ఈ గొంతే మేడమ్. నూటికి నూరుపాళ్లూ ఇదే." ఇటు తిరక్కుండానే, "కానీ ఆ రోజు ఇంకో మాట కూడా అంది. 'చేతులు ఖాళీ లేవు' అంది. పెద్దావిడకి సరిగ్గా వినపడక మళ్లీ ఎవరూ అని అడిగారు. మళ్లీ అదే మాట. రెండుసార్లూ ఒకేలాగ, మేడమ్. ముందొక నిట్టూర్పు ఉంది చూడండి, అది కూడా ఒకేలాగ," అంది.

డబ్బింగక్క కుర్చీ అంచు పట్టుకుంది. ఒక మాటని రెండుసార్లు ఒకేలాగ అనడం ఏ మనిషివల్లా కాదు. నిట్టూర్పుతో సహా అసలే కాదు. ఆ తలుపు బయట నిలబడింది ఆడది కానక్కర్లేదు, జేబులో ఫోనున్న ఎవరైనా కావచ్చు. చచ్చిపోయిందనుకున్న టేక్ బతికే ఉంది, తిరుగుతోంది, తలుపులు తీయిస్తోంది.

"సినిమాలో ఈ మాట ఉందా?" అని ఎస్సై అడిగింది.

"లేదండీ."

"మరి ఎక్కడిది?"

చెప్పాల్సిన క్షణం అదే. గొంతూ నాదే, మాటా మా ఇంటిదే అని చెబితే తనని మళ్లీ ఇంటికి పంపుతారా? సాయంత్రానికి టీవీలో తన మొహం వేస్తే? భయం నాలుకని మడతేసింది. "అందరూ అనేదే కదండీ," అంది.

బయటికొచ్చి, చెట్టు నీడన నిలబడి, ఆ టేక్ గురించి తెలిసిన మనిషికి ఫోన్ చేసింది. సౌండ్ ఇంజినీరు తమ్ముడిలాంటివాడు. ఆలస్యమైన రోజుల్లో బండిమీద ఇంటిదగ్గర దింపేవాడు. తల్లి వాణ్ని "గాజుపెట్టెలో అబ్బాయి" అని పిలిచి, తినిపించకుండా కదలనిచ్చేది కాదు.

"తమ్ముడూ, ఆ ఎన్జీ టేకు ఇంకా ఉందా? చేతులు ఖాళీ లేవన్నది."

"అదా... అప్పుడే చెరిపేశాం కదక్కా. ఏం, ఎందుకు?"

నర్సు చెప్పిందంతా ఏకరువు పెట్టింది.

"ఎవరితోనన్నా అన్నావా?"

"లేదు. భయమేసింది."

"అనకు. స్టూడియోకి తాళం పడితే అందరం రోడ్డున పడతాం. రేపు నాలుగింటికి రా, ఇద్దరం కూర్చుని పాత డిస్కులన్నీ వెతుకుదాం. ఎవరన్నా దొంగిలించారేమో చూద్దాం. అమ్మ ఇంట్లోనే ఉంటుందిగా? జాగ్రత్తగా ఉండమను."

వాడితో మాట్లాడాక గుండె కుదుటపడింది. వాడు అమ్మ సంగతి కూడా గుర్తుపెట్టుకుని అడిగాడు మరి.

మర్నాడు గొలుసు వేసుకోమని తల్లికి పదిసార్లు చెప్పి బయల్దేరింది. సందు మొగలో ఆటో ఎక్కి, "స్టూడియో రోడ్డుకి పోనీ బాబూ. కొంచెం తొందరగా, నాలుగింటికల్లా ఉండాలి," అంది. ఆటో కదిలి, పది గజాలు పోయి, ఆగిపోయింది. డ్రైవరు అద్దంలోంచి చూశాడు.

"నువ్వు... ఆ సినిమాలో..."

"అవును. డబ్బింగ్ చెబుతాను."

"దిగమ్మా."

"అదేంటి బాబూ, నేనేం చేశాను?"

"మా అమ్మ కూడా ఇంట్లో ఒక్కతే ఉంటుంది. నీ గొంతు వింటుంటే నాకు ఒళ్లంతా అదోలా ఉంది. దిగు, పుణ్యముంటుంది."

రెండో ఆటోని పిలవడానికి నోరు రాలేదు. కళ్లనీళ్లు తుడుచుకుంటూ వచ్చిన దారినే వెనక్కి నడిచింది. వెళ్లలేనని తమ్ముడికి ఇంట్లోంచి చెబుదామనుకుంది.

తాళంచెవి తిప్పితే తలుపు నేరుగా తెరుచుకుంది. పదిసార్లు చెప్పినా గొలుసూ వెయ్యలేదు, గడియా పెట్టలేదు మహాతల్లి. ముందుగదిలో మంచంమీద గుర్రుపెట్టి నిద్రపోతోంది. తలుపు మూసి, గడియపెట్టి, చప్పుడు కాకుండా గొలుసు తనే తగిలించి, మొహం కడుక్కోవడానికి వెనక్కి వెళ్లింది.

మొహంనిండా సబ్బు ఉండగా చప్పుడు వినపడింది. తలుపు కిందిభాగంలో, కాలితో తన్నినట్టు. రెండు తాపులు.

"ఎవరూ?" నిద్రగొంతుతో తల్లి.

ఒక నిట్టూర్పు. "నేనే... చేతులు ఖాళీ లేవు."

డబ్బింగక్క చేతిలోంచి చెంబు జారి నీళ్ల తొట్టిలో పడింది. ఒక్క క్షణం తను నిజంగానే బయట నిలబడి ఉందేమో, ఇక్కడ మొహం కడుక్కుంటున్నది ఎవరో అనిపించింది. అంత తనలా ఉంది ఆ గొంతు. రోజూ సాయంత్రం తను మోసుకొచ్చే అలసట కూడా అందులో ఉంది.

"వస్తున్నా, వస్తున్నా. మీద పడకు," అంది తల్లి. మంచం కిర్రుమంది.

"అమ్మా, తియ్యకు!" అని అరవబోయింది. గొంతు రాలేదు. ఇన్నేళ్లూ కూడు పెట్టిన గొంతు, జనం మొత్తానికి కేకలు అప్పిచ్చిన గొంతు, గాలిగా మాత్రమే బయటికొచ్చింది. పరిగెత్తింది. తడికాలు జారి గుమ్మానికి భుజం కొట్టుకుంది. గడియ తీసిన చప్పుడైంది. సినిమాహాల్లో ఆ చప్పుడుకే కదూ అందరూ కెవ్వుమన్నది.

తలుపు బెత్తెడు తెరుచుకుని గొలుసుకి పట్టేసింది. తల్లి వీపు ఇటువైపుంది. "ఈ గొలుసెవరేశారే? నేను వెయ్యలేదే!" అంటూ గొలుసు తడుముతోంది. "ఉండు, రావట్లేదిది."

బయటినుంచి నిట్టూర్పు. "నేనే... చేతులు ఖాళీ లేవు."

తల్లి చెయ్యి గొలుసుమీద నెమ్మదించింది. "ఏం తెచ్చావే, అంత బరువు?"

నిట్టూర్పు. "నేనే... చేతులు ఖాళీ లేవు."

కాలిన పెనాన్ని ముట్టుకున్నట్టు ముసలావిడ చెయ్యి వెనక్కి లాక్కుంది. మూడుసార్లు చెప్పించుకుని ఒక్క తిట్టు కూడా తిట్టని కూతురు ఆవిడకి ఈ జన్మలో లేదు. వెనక్కి తిరిగింది. మొహంనిండా సబ్బుతో కూతురు నిలబడి ఉంది. ఆవిడ కేకెయ్యలేదు. తలుపుకేసి ఒకసారి, కూతురికేసి ఒకసారి చూసి, గాజులున్న చేతులు రెండూ చంకల్లో దాచుకుంది.

సందులోంచి నాలుగు వేళ్లు లోపలికి వచ్చాయి. గొలుసు కొక్కెంకోసం తాపీగా వెతికాయి. కొరికిన గోళ్లు. చూపుడువేలిమీద పాత కాలిన మచ్చ. అద్దం అవతల మీటలమీద అటూ ఇటూ కదులుతుంటే ఎన్నో ఏళ్లుగా చూస్తున్న వేళ్లు. అమ్మ పెట్టిన అన్నం తిన్న వేళ్లు.

ఆమె ఒంటి బరువంతా వేసి తలుపుమీద పడింది.

"అక్కా!" అని బయట అరుపు. ఈసారి ఫోనులోది కాదు. "అక్కా, చెయ్యి! చెయ్యక్కా!"

అప్పుడు వచ్చింది గొంతు. "దొంగ! హంతకుడు! రండి, ఎవరన్నా రండి!" అని మెట్లన్నీ మారుమోగేలా అరిచింది. పై అంతస్తులో టక్కుమని ఒక గడియ పడింది. ఎదురింట్లో ఇంకోటి. కింద ఇంకోటి. ఆ గొంతు వినపడితే తలుపులు వేసుకోవాలని ఊరంతా నేర్చుకుంది కదా. ఆమె ఎంత గట్టిగా అరిస్తే లోపల అంత గట్టిగా బిగించుకుంటారు. తలుపు అవతల వాడు భుజంతో గుద్దుతున్నాడు. గొలుసు మేకు ఒకటి గోడలోంచి పైకి లేచింది.

"నువ్వు నోర్ముయ్," అంది తల్లి. తలుపు సందుకి మొహం పెట్టి, జీరగొంతుతో, ఉన్న ఊపిరంతా తీసి పిలిచింది. "ఒరే డ్రైవరూ! నేన్రా, ఎదురింటి ముసల్దాన్ని! చంపేస్తున్నాడ్రా, గునపం పట్టుకురా!"

ఎదురింటి గడియ ఊడింది.

* * *

డ్రైవరు పట్టిచ్చిన వాడి ఫోన్లో ఆ టేక్ దొరికింది. వాడి సంచిలో రెండో ముసలావిడ బంగారు గొలుసు దొరికింది. అప్పులనీ, ఆశనీ వాడు ఏవేవో కారణాలు చెప్పాడట. ఆమె అవేవీ వినదలచుకోలేదు. ఎస్సై వాంగ్మూలం రాసుకుని కలం మూత పెడుతూ ఒకే ఒక్క మాటంది. "నాకు చెప్పాల్సింది తీసుకెళ్లి వాడికి చెప్పారు." ఆ మాట పక్కటెముకలో దిగిన మేకులా అక్కడే ఉండిపోయింది.

సినిమా ఇంకా నడుస్తోంది. ఆఖరిసారిగా ఒకనాడు వెళ్లింది. ఈసారి ఎవరూ నవ్వలేదు, ఎవరూ అరవలేదు. ఆ ఘట్టం దగ్గర కొందరు లేచి బయటికి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు చూస్తున్నది తలుపుని కాదు, తలుపు లోపల నిలబడ్డ ముసలావిడని. నరాలు తేలిన ఆవిడ చెయ్యి గడియమీదికి వెళుతుంటే, ఇన్నాళ్లూ ఆ చేతిని ఒక్కరూ చూడనేలేదని ఆమెకి తోచింది. "పాపం, కూతురొచ్చిందనుకుంది," అని ఎవరో ముక్కు చీదారు. సినిమాలో ఒక్క ముక్కా మారలేదు.

ఆ సాయంత్రం సంచులతో మెట్లెక్కింది. తలుపుముందు నిలబడి మెట్లకేసి పైకీ కిందికీ చూసింది. ఎవరూ లేరు. ఎదురింట్లో ఎవరో దగ్గారు. దానికే చప్పున వెనక్కి తిరిగి చూసింది. తలుపు కాలితో తట్టింది.

"ఎవరూ?"

ఆ మాట నోట్లోకి వచ్చి అక్కడే ఆగిపోయింది. అనలేకపోయింది. "అమ్మా, తియ్యి," అంది చివరికి.

లోపల మంచం కిర్రుమంది. అడుగుల చప్పుడు తలుపుదాకా వచ్చి ఆగిపోయింది. గడియ కదల్లేదు. తలుపుకి చెవి ఆనించి ముసలావిడ పీలుస్తున్న ఊపిరి వినపడుతోంది.

"ఏదీ, ఇంకోసారి చెప్పు," అంది తల్లి.

సంచుల తాళ్లు వేళ్లని కోస్తున్నాయి. వెనక మెట్లమీద వెలుతురు తగ్గుతోంది. డబ్బింగక్క గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"చెవుడా నీకు? ఎంతసేపు నిలబెడతావ్, వేళ్లు తెగిపోతున్నాయిక్కడ! తియ్యవే తల్లీ!"

గొలుసు గలగలమంది.